లిఫ్టు తాడు తెంపకండి: సిటీ థ్రిల్లర్ రాయాలనుకునే మా సరిహద్దు ఊళ్ళవాళ్ళకి

నా మొదటి థ్రిల్లర్‌లో హైదరాబాద్‌లో 14 అంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంటుంది, అర్ధరాత్రి, లిఫ్టులో బిల్డర్ ఒక్కడే ఉంటాడు, తాడు తెగుతుంది, లిఫ్టు దభాలున కిందపడుతుంది, అంతే. రాసుకుని తెగ మురిసిపోయాను. సంక్రాంతికి మా ఊరు పర్లాకిమిడి (ఆంధ్రా సరిహద్దుకి ఆనుకుని ఉన్న ఒడిశా ఊరు) వచ్చిన మా బావకి చదివి వినిపించాను. ఆయన హైదరాబాద్‌లో లిఫ్టులు బాగుచేసే పనిలో ఉన్నాడు, చాలా ఏళ్ళయింది. సగం దాకా బుద్ధిగానే విన్నాడు. తాడు తెగే చోటికి వచ్చేసరికి గారె నోట్లో పెట్టుకునే నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏట్రా, తాడు ఒక్కటే ఉంటదనుకున్నావా? నాలుగో అయిదో ఉంటాయి. అన్నీ తెగినా పెట్టె కింద పడదు, పట్టాల్ని పట్టీసుకుంటాది."

తర్వాత వెతికి చూస్తే తెలిసింది, 1854లోనే న్యూయార్క్‌లో ఎలీషా ఓటిస్ అనే ఆయన జనం చూస్తుండగా లిఫ్టు మీద నిలబడి, తాడు కోయించి, అయినా పడకుండా ఆగుతుందని చూపించాడట. అంటే నా కథ పుట్టడానికి దాదాపు 170 ఏళ్ళ ముందే చచ్చిపోయింది. కానీ ఆ రోజు బావ గారె నమిలి, చెయ్యి కడుక్కుని వచ్చి, ఇంకో రెండు మాటలు చెప్పాడు. నేను ఇప్పటిదాకా రాసినవాటన్నింటికీ పెట్టుబడి ఆ రెండు మాటలే.

ఒకటి, ఖాళీ లిఫ్టుకి బ్రేకు పోతే అది కిందికి పోదు, పైకి పోతుంది. అవతల వేలాడే బరువు దిమ్మె ఉంటుంది కదా, దాన్ని పెట్టె బరువుకి తోడు, నిండుగా జనం ఎక్కితే ఉండే బరువులో ఇంచుమించు సగం కూడా కలిపి తూకం వేసి పెడతారు. కాబట్టి లోపల ఒక్కడే ఉంటే దిమ్మే బరువు, దిమ్మ కిందికి, మనిషి పైకి. నేల మీద పడతానని భయపడుతున్నవాడు పైకప్పు వైపు దూసుకుపోవడం ఒక్కసారి ఊహించండి. నాకైతే వెన్నులోంచి చలి పుట్టింది.

రెండోది, మెకానిక్‌లు తాడుకి భయపడరు, తలుపుకి భయపడతారు. లిఫ్టు ఏడో అంతస్తులో ఉండగా నాలుగో అంతస్తులో బయటి తలుపు తెరుచుకుంటే? "అప్పుడు ఫోన్ చూసుకుంటూ వస్తాడు చూడు ఒకడు, తల ఎత్తడు, అడుగేసేస్తాడు" అన్నాడు బావ. ఆ "తల ఎత్తడు" అన్న మాటలో ఉన్న భయం నా 14 అంతస్తుల కథ మొత్తంలో లేదు.

అందుకని రోజూ వాడే వస్తువు మనిషి ప్రాణం తీసే కథ రాయాలనుకునేవాళ్ళు కాగితం ముందు కూర్చునే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఆ వస్తువుని బాగుచేసేవాడి దగ్గరికి వెళ్ళి కూర్చోండి. ఇంటర్నెట్ తర్వాత చూసుకోవచ్చు.

వస్తువుకి పగ పెట్టకండి

కొత్తవాళ్ళు చేసే మొదటి తప్పు యంత్రానికి బుద్ధి తెప్పించడం. ఫ్రిజ్ మాట్లాడుతుంది, టీవీ కన్నెర్ర చేస్తుంది, ఫోన్ పగబడుతుంది. అది దెయ్యం కథ, కాకపోతే దెయ్యానికి ప్లగ్గు పెట్టారు. నేను చెప్పే రకం కథలో యంత్రం తన పని తాను చేస్తుంది, అంతే, రోజూ చేసేదే. మారేది దాని చుట్టూ ఉన్నది, ఎవరో ఒక కిటికీ మూశారు, ఎవరో ఒక తీగ తీసేశారు, ఎవరో ఒక బీప్ శబ్దానికి అలవాటుపడిపోయారు.

అలవాటు అంటే ఏంటో తెలియాలంటే థెరాక్-25 గురించి చదవండి. క్యాన్సర్ రోగులకి రేడియేషన్ ఇచ్చే యంత్రం అది. 1985 నుంచి 1987 మధ్య అమెరికా, కెనడాల్లో ఆరుగురికి ఇవ్వాల్సినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ రేడియేషన్ ఇచ్చేసింది, కనీసం ముగ్గురు చనిపోయారు. పాత మోడల్‌లో ప్రమాదం రాకుండా విడిగా ఇనుప తాళాల్లాంటి ఏర్పాట్లు ఉండేవి, కొత్తదాంట్లో వాటిని తీసేసి ఆ పని సాఫ్ట్‌వేర్‌కి అప్పజెప్పారు. నన్ను పట్టుకున్నది మాత్రం ఇంకో చిన్న సంగతి. తెర మీద "మాల్‌ఫంక్షన్ 54" అని వచ్చేది, దానర్థం ఏంటో ఆపరేటర్‌కి తెలియదు, అలాంటివి రోజూ బోలెడు వచ్చేవి, పీ అనే మీట నొక్కితే పని మళ్ళీ సాగేది. నొక్కారు. ఆపరేటర్ చెడ్డమనిషి కాదు, బద్ధకస్తురాలు కూడా కాదు. మన వాషింగ్ మెషీన్ ఏదో ఎర్రర్ చూపిస్తే మనమేం చేస్తాం? స్విచ్ ఆపి మళ్ళీ వేస్తాం. అదే వేలు, అదే నొక్కుడు.

హ్యాకింగ్ వద్దా అంటే, వద్దని కాదు. 2015లో ఇద్దరు పరిశోధకులు ఇంట్లో కూర్చుని హైవే మీద పోతున్న జీప్‌ని ఇంటర్నెట్ ద్వారా తమ చేతుల్లోకి తీసుకున్నారు, లోపల ఉన్న విలేకరికి ముందే చెప్పి చేసిన ప్రయోగం అది. దాని తర్వాత కంపెనీ 14 లక్షల బళ్ళను వెనక్కి పిలిచి సరిచేసింది. కాబట్టి జరగని పని కాదు. కానీ మన కథల్లో హ్యాకర్ అంటే చీకటి గదిలో టకటక కీబోర్డు కొట్టి, మూడు సెకన్లలో ఊరంతా కరెంటు తీసేసేవాడు. ఏళ్ళ తరబడి చేసిన పనిని మూడు సెకన్లకి కుదిస్తే పాఠకుడికి టెన్షన్ రాదు, ఆవలింత వస్తుంది. పైగా హ్యాకర్‌ని తెచ్చిన మరుక్షణం మీకు తెలిసిన లోకం వదిలేసి తెలియని లోకంలోకి వెళ్ళిపోతారు. నాకు తెలిసింది రాడ్ వేసి బకెట్‌లో నీళ్ళు కాచుకునే ఇల్లు. మీకు తెలిసింది కూడా అదే అయితే అక్కడి నుంచే మొదలుపెట్టండి.

మెకానిక్ దుకాణంలో రెండు గంటలు

గీజర్ కథ కోసం మా ఊళ్ళో గ్యాస్ పొయ్యిలు, గీజర్లు బాగుచేసే ఒకాయన దగ్గర కూర్చున్నాను. మొదటి అరగంట ఏమీ అడగకూడదు, టీ తెప్పించాలి, ఆయన పని ఆయన్ని చేసుకోనివ్వాలి. "ఇది మనిషిని ఎలా చంపుతుంది?" అని అడిగితే లేచి బయటికి పొమ్మంటాడు, న్యాయమే. "ఇది ఎలా పాడవుతుంది బాబాయ్?" అని అడగండి. ఆ ప్రశ్నకి ఏ మెకానిక్ అయినా రోజంతా చెప్తాడు.

నేల మీద ఒడియా పేపర్ పరిచి గ్యాస్ గీజర్ విప్పాడు. లోపల సన్నసన్న రేకులు వరసగా ఉన్న రాగి పెట్టె, నీళ్ళు వేడెక్కేది దాంట్లోంచే. ఆ రేకుల మధ్య మసి పేరుకుపోయి ఉంది. వేలితో గీస్తే చెయ్యంతా నల్లబడింది. కింద చిన్న డబ్బా, దాంట్లో టార్చిలైట్లో వేసే లావుపాటి సెల్స్ రెండు. "కరెంటు అక్కర్లేదు దీనికి, కుళాయి తిప్పితే నీటి ఒత్తిడికి అదే అంటుకుంటాది, నిప్పురవ్వ ఈ సెల్స్‌తోటి." కుళాయి తిప్పి చూపించాడు, టిక్ టిక్ టిక్ టిక్, తర్వాత భుగ్. ఆ శబ్దం రాసుకున్నాను. మంట నీలంగా ఉంటే సరే, పసుపుగా ఉంటే గాలి చాలట్లేదని, లేదా గ్యాస్ వచ్చే సన్న రంధ్రం, అదే జెట్‌లో ఏదో అడ్డం పడిందని. ఒకసారి సాలెగూడు దొరికిందట. సాలెగూడు! ఇలాంటిది ఇంట్లో కూర్చుని కల్పించలేం.

అసలు ప్రమాదం గ్యాస్ లీక్ కాదు. వంటగ్యాస్‌కి వాసన ఉండదు, లీకైతే తెలియాలని ఇథైల్ మెర్కాప్టాన్ అనే కంపు కొట్టే పదార్థం కలుపుతారు, అందుకే మనకి ముక్కు చెబుతుంది. కానీ గాలి చాలని గదిలో అదే గ్యాస్ సగంసగం మండితే పుట్టేది కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని పట్టుకునేదానికంటే 200 రెట్లకి పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం, కాళ్ళలో బలం లేకపోవడం, ఇవన్నీ పొద్దున్నే టిఫిన్ తినకపోతే కూడా వచ్చేవే. మీ థ్రిల్లర్‌కి ఇంతకంటే మంచి దొంగ దొరకడు, ఎందుకంటే వాడు ఇంకొకడి వేషంలో వస్తాడు. (కథ పక్కన పెట్టండి, మీ ఇంట్లో గ్యాస్ గీజర్ బాత్రూమ్ లోపలే ఉంటే దాన్ని బయటికి మార్పించండి, ఈ వారమే. వెంటిలేటర్‌కి అట్ట అడ్డం పెట్టి ఉంటే ఇప్పుడే వెళ్ళి తీసేయండి, ఇది తర్వాత చదువుకోవచ్చు.)

కథ అల్లడం

ఇప్పుడు ఒక అమ్మాయిని తీసుకుందాం. పర్లాకిమిడి పిల్ల, పలాసలో రైలెక్కి హైదరాబాద్ వెళ్ళింది, ఉద్యోగం, ముగ్గురు కలిసి అద్దెకుంటున్న ఫ్లాట్. డిసెంబర్. బాత్రూమ్ వెంటిలేటర్‌లో పావురాలు గూడు పెడుతున్నాయని ఎవరో థర్మోకోల్ ముక్క కుక్కారు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి పావురాల గొడవ చెప్పక్కర్లేదు, సగం బాల్కనీలకి వలలే. చలికి ఎవరూ ఆ థర్మోకోల్ తీయలేదు. గ్యాస్ గీజర్ ఉంది కానీ నెల రోజులుగా పనిచేయట్లేదు, పిల్లలు నీళ్ళు పొయ్యి మీదే కాచుకుంటున్నారు.

ఒక ఆదివారం మిగతా ఇద్దరూ ఊళ్ళో లేరు. ఈ అమ్మాయి కుళాయి తిప్పింది. టిక్ టిక్ టిక్ టిక్, భుగ్. "హమ్మయ్య, ఓనర్ బాగుచేయించినట్టున్నాడు" అనుకుంది.

ఇక్కడ ఆగండి. పాఠకుడికి ఎంత తెలియాలి, అమ్మాయికి ఎంత తెలియాలి అన్నదే సస్పెన్స్. తలుపు తెరవగానే శవం చూపిస్తే ఉలికిపాటు వస్తుంది, అరక్షణం ఉంటుంది, పోతుంది. థర్మోకోల్ ముక్కని రెండో పేజీలో చూపించి, పావురాల మీద జోకేసి, మర్చిపోయినట్టు నటించి, తర్వాత కుళాయి తిప్పిస్తే పాఠకుడు పేజీ అంచు నలిపేస్తాడు. మంట పసుపు రంగులో ఉందని ఒక్క మాట రాయండి, వివరించకండి. వాళ్ళమ్మకి వాయిస్ మెసేజ్ పెట్టించండి: "అమ్మా, తల తిరిగిపోతంది, రాత్రి సరిగ్గా తినలేదు కదా, తానం చేసొచ్చి ఫోన్ చేస్తాను." వాళ్ళమ్మ పర్లాకిమిడిలో మార్గశిర గురువారం ముగ్గుల సంగతి మాట్లాడుతూ "ఏదో ఒకటి తినీయే" అంటుంది. పాఠకుడు కుర్చీలోంచి అరుస్తుంటాడు, ఇద్దరికీ వినపడదు.

ఒక్క శబ్దాన్ని మూడుసార్లు వాడాలన్నది నా లెక్క. మొదటిసారి విసుగుగా, నెల కిందట గీజర్ టిక్ టిక్ అని అంటుకోక ఆగిపోయినప్పుడు. రెండోసారి సంతోషంగా, ఈ ఆదివారం. మూడోసారి ఆఖర్లో, ఇన్‌స్పెక్టర్ ఖాళీ ఫ్లాట్‌లో కుళాయి తిప్పినప్పుడు. మూడోసారి మీరు ఏ విశేషణం వాడక్కర్లేదు, టిక్ టిక్ అంటే చాలు.

చావు కారణాన్ని పుస్తకం చివరిదాకా దాచకండి. "పోస్టుమార్టంలో ఏమీ తేలలేదు" అని రాస్తే చదివినవాళ్ళలో ఒక్క నర్సున్నా మీ పని అయిపోయింది, కార్బన్ మోనాక్సైడ్ రక్త పరీక్షలో దొరుకుతుంది. కాబట్టి ఏం జరిగిందో తొందరగా చెప్పేయండి, ప్రమాదం అని రాసి ఫైల్ మూసే దాకా తీసుకెళ్ళండి. అసలు ముడి దాని తర్వాత వేయాలి. నెల రోజులుగా పనిచేయని గీజర్ ఎందుకు పనిచేసింది? ఇన్‌స్పెక్టర్ కాదు, గీజర్ విప్పిన మెకానిక్ చెప్పాలి ఆ మాట: "సార్, మసి చూస్తే ఏళ్ళ కిందటిది. సెల్స్ మాత్రం నిన్న మొన్న వేసినవి." కొత్త సెల్స్ రెండు, దుకాణంలో అందరికీ దొరికేవి. కత్తి లేదు, విషం లేదు. మెకానిక్ దుకాణంలో ఆ రెండు గంటలు కూర్చోకపోతే ఈ ఆనవాలు నాకు దొరికేది కాదు.

టవర్లూ గడియారాలూ

అనుమానితుడు కావాలి. ఇక్కడ మన సరిహద్దు బతుకు పనికొస్తుంది. అమ్మాయికి మేనబావ ఒకడున్నాడు, సంబంధం చెడింది, ఆ రోజు పర్లాకిమిడిలో ఇంట్లోనే ఉన్నానంటాడు. హైదరాబాద్ పోలీసులు ఫోన్ రికార్డు తెప్పిస్తారు, ఫోన్ ఆంధ్రా టవర్ మీద ఉంది, ఒడిశాలో లేదు. అబద్ధమాడాడు, దొరికాడు! హైదరాబాద్ పాఠకుడు కూడా దొరికాడనే అనుకుంటాడు. మనకి నవ్వొస్తుంది. ఊరు దాటితే పాతపట్నం, అది శ్రీకాకుళం జిల్లా, ఇక్కడి మంచం మీద పడుకున్నవాడి ఫోన్ అక్కడి టవర్ పట్టుకోవడం వింతేం కాదు. మా డాబా మీద ఒక రాష్ట్రం, వంటింట్లో ఇంకో రాష్ట్రం. ఫోన్ రికార్డు మనిషి ఏ గదిలో ఉన్నాడో చెప్పదు, ఏ టవర్‌తో మాట్లాడాడో చెబుతుంది, ఈ తేడా తెలిసిన కానిస్టేబుల్ ఒకడు మీ కథలో ఉండాలి, అతను ఇటువైపు వాడైతే ఇంకా బాగుంటుంది. సిరొంచ వైపు తెలుగువాళ్ళు కూడా ఇదే వాడుకోవచ్చు, గోదావరి ఇవతల మహారాష్ట్ర, అవతల కాళేశ్వరం.

సీసీ కెమెరా కూడా ఇంతే. ఫుటేజీలో 9:40 అని ఉంటే 9:40 అని రాసేస్తారు అందరూ. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గదిలో ఉండే రికార్డర్ డబ్బాలోని గడియారాన్ని ఎవరు సరిచేస్తారు? ఇంటర్నెట్‌కి కలపని పాతవి పది నిమిషాలు, ఇరవై నిమిషాలు తేడాగా నడుస్తుంటాయి. ఆ తేడా మీద ఒక అధ్యాయం నడపొచ్చు. ఇంకోటి, హార్డ్ డిస్క్ నిండగానే పాతదాని మీద కొత్తది రాసుకుపోతుంది. అలా కొన్ని వారాల్లోనే పాత ఫుటేజీ పోతుంది. అంటే మీ కథలో తేదీలు దగ్గర పెట్టుకోండి, రోజులు గడిచేకొద్దీ సాక్ష్యం చెరిగిపోతుంటుంది, టెన్షన్ దానంతటదే పెరుగుతుంది. సెక్షన్లు రాసేటప్పుడు మాత్రం పాత సినిమాలు చూసి రాయకండి. 2024 జులై 1 నుంచి చట్టాలు మారాయి, అనుమానాస్పద మరణం కింద రాసేది ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 194, పాత సీఆర్‌పీసీ 174 కాదు. ఇంకో మాట, హైదరాబాద్‌లో జరిగినదానికి కూడా తండ్రి పర్లాకిమిడి స్టేషన్‌లోనే జీరో ఎఫ్ఐఆర్ పెట్టొచ్చు. "మా పరిధి కాదు" అని తిప్పి పంపే సీన్ రాస్తే, ఆ ఎస్సై తప్పు చేస్తున్నాడని మీకు తెలిసే రాయాలి.

స్మార్ట్ తాళాలు, డెలివరీ ఓటీపీలు, ఇంట్లో మాటలు వినే స్పీకర్లు, వీటి మీద నాకు పెద్ద మోజు లేదు. ఆరు నెలల్లో పాతబడిపోతాయి, కథ కూడా వాటితోపాటే.

విలన్

సిటీలో వస్తువుని కొనేది ఒకరు, వాడేది ఇంకొకరు, ఏటా చూసుకోవాల్సింది మరొకరు. మా ఊళ్ళో ఇన్వర్టర్ పాడైతే వీధిలో అందరికీ తెలుసు, విప్పినప్పుడు పదిమంది చుట్టూ నిలబడతారు, నలుగురు సలహాలిస్తారు, ఒకడు టార్చి పట్టుకుంటాడు. అక్కడ పక్క ఫ్లాట్‌లో ఎవరుంటారో తెలియదు. కొత్త సెల్స్ వేసింది ఎవరో ఎవరూ చూడకపోవడం అక్కడే కుదురుతుంది.

అసలు హంతకుడితోపాటు, చంపాలని అనుకోకుండానే చావుకి దారి వేసినవాళ్ళని ఇద్దరు ముగ్గుర్ని పెట్టండి. మెయింటెనెన్స్ డబ్బులు మిగిల్చానని మీటింగ్‌లో చప్పట్లు కొట్టించుకున్న అసోసియేషన్ ప్రెసిడెంట్. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని ఆర్‌సీసీబీ తీయించి పారేసిన ఓనర్. ఈ రెండోవాడు నాకు ఇష్టమైన పాత్ర. ఆ చిన్న డబ్బా 30 మిల్లీయాంపులు పక్కదారి పట్టగానే కరెంటు కోసేస్తుంది, అంతకు మించితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది కాబట్టి. అది మాటిమాటికీ పడిపోతోందంటే ఇంట్లో ఎక్కడో కరెంటు కారుతోందని అర్థం. మనం ఏం చేస్తాం? కుక్క మొరుగుతోందని కుక్కని కట్టేస్తాం. వాడికి చంపాలని లేదు, విసుగు, అంతే. ఆ విసుగు మనందరికీ ఉంది, అందుకే చదివేవాడు తన ఇంట్లో మెయిన్ స్విచ్ వైపు ఒకసారి చూస్తాడు.

నిజంగా జరిగినవాటిని వాడుకోవడం గురించి ఒక మాట. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో ఒక భవనం సెల్లార్‌లో ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచి, పొగ మెట్ల దారిలో పైనున్న హోటల్‌కి ఎక్కి, ఎనిమిది మంది చనిపోయారు. దాని నుంచి నేర్చుకోవాల్సింది పొగ దారి. మెట్లు పొగగొట్టంలా పనిచేస్తాయి, మంట చేరకముందే పొగ చేరుతుంది. అది తీసుకోండి. ఆ భవనం, ఆ మనుషులు, వాళ్ళ ఆఖరి ఫోన్లు తీసుకోకండి, వాళ్ళ ఇంటివాళ్ళు కూడా తెలుగు చదువుతారు.

మీకు తెలిసిందంతా రాసేయకండి కూడా. నా గీజర్ కథలో కావాలనే ఒక మెట్టు మింగేశాను, ఇంకొకటి తప్పుగా రాశాను. పాఠకుడికి భయం పుట్టాలి, పద్ధతి తెలియక్కర్లేదు.

మాట, రాత

గిడుగు రామమూర్తిగారు పంతులుగా పనిచేసింది మా ఊళ్ళోనే, మనం మాట్లాడే తెలుగులోనే రాయాలని పోట్లాడింది ఆయనే. ఆ ఊరివాళ్ళమై ఉండి డైలాగులు పాఠ్యపుస్తకంలా రాస్తే బాగోదు. మన అమ్మాయి ఫ్లాట్‌లో స్నేహితులతో హైదరాబాద్ మాట మాట్లాడుతుంది, ఆఫీసులో ఇంగ్లీషు, తమ్ముడితో సగం ఒడియా. కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నప్పుడు మాత్రం "ఒలమ్మ" అనే వస్తుంది నోటెంట. ఆ ఒక్క మాట రాయడానికే నేను అంతకు ముందు 60 పేజీలు ఆమె చేత ఆ మాట అనిపించలేదు.

ఇప్పుడు, గీజర్ కథలో నేను దాచిన ముడి చెప్తాను, ఎందుకంటే ఇలాంటిది మీ దగ్గర కూడా ఉంటుంది, వెతుక్కోండి. మా దగ్గర మా నాన్న వయసువాళ్ళలో తెలుగు బళ్ళో చదివినవాళ్ళు ఉన్నారు. మా తర్వాతివాళ్ళలో చాలామంది ఒడియా మీడియం, కాదంటే ఇంగ్లీషు. ఇంట్లో తెలుగే, గలగలా మాట్లాడతారు, తిడతారు, పాడతారు, కానీ అక్షరం ముక్క చదవలేరు. బస్సు బోర్డు చూసి "ఏటి రాసుంది?" అని అడిగే తెలుగు పిల్లలు మా వీధి నిండా ఉన్నారు. అడగడానికి సిగ్గుపడేవాళ్ళు కూడా.

నెల కిందట గీజర్ ఆపినప్పుడు ఓనర్ బాత్రూమ్ తలుపు మీద ఒక కాగితం అంటించాడు, గుండ్రటి చేతిరాతతో: "గ్యాస్ గీజర్ వాడవద్దు. గాలి పోయే దారి లేదు. ప్రాణాపాయం." పోలీసులు దాన్ని ఫొటో తీసుకుని, ఓనర్ తప్పేం లేదు, తెలుగమ్మాయే కదా, చదివి కూడా వాడింది అని రాసుకున్నారు. ఆమెకి తెలుగు చదవడం రాదని తెలిసినవాళ్ళు హైదరాబాద్‌లో ఒక్కరే. ఎప్పుడూ వాయిస్ మెసేజ్‌లే పెడుతుందని, తెలుగులో మెసేజ్ వస్తే ఫోన్ చాపి "కొంచెం చదివి పెట్టవా, కళ్ళద్దాలు లేవు" అంటుందని, అసలు ఆమెకి కళ్ళద్దాలే లేవని గమనించినవాళ్ళు. ఆ కళ్ళద్దాల మాట మూడో అధ్యాయంలో పెట్టండి, నవ్వు కోసం పెట్టినట్టు. సెల్స్ కొన్నది ఎవరో అక్కడి నుంచి పాఠకుడే పట్టుకుంటాడు.

ఆఖరి సీన్‌కి నేను కోర్టు పెట్టలేదు, ఛేజ్ పెట్టలేదు. తండ్రి, తమ్ముడు సామాను తీసుకెళ్ళడానికి ఫ్లాట్‌కి వస్తారు. బక్కెట్టు, దుప్పటి, రైస్ కుక్కర్, పర్లాకిమిడి నుంచి పంపిన ఆవకాయ సీసా సగం మిగిలి ఉంటుంది. తండ్రి బాత్రూమ్ తలుపు దగ్గర ఆగి కాగితం మీది అక్షరాల కింద వేలు పెట్టి, బళ్ళో చదివినట్టు, పైకి చదువుతాడు. తమ్ముడు రైస్ కుక్కర్ పట్టుకుని వెనకే నిలబడి, "అలా రాసుందా నాన్నా?" అంటాడు.